హార్మోను చికిత్సలో మోతాదు తప్పినప్పుడు

దీర్ఘకాలము మందు పుచ్చుకొనువారిలో ఒక్కనాడైనను తప్పనివారు అరుదు. రక్తపుపోటునకు మాత్రలు వాడు వృద్ధుడును, మధుమేహమునకు సూదిమందు తీసికొను గృహిణియు, క్షయకు నెలల తరబడి మందు మింగు యువకుడును ఎప్పుడో ఒకనాడు మరచుట సహజము. హార్మోను చికిత్స పొందు ట్రాన్స్‌జెండరు వ్యక్తులును ఇందుకు భిన్నులు కారు. పైగా వీరి మందు సాధారణముగా జీవితమంతయు సాగవలసినది. కనుక మోతాదు ఎన్నడును తప్పరాదని బోధించుట కంటె, తప్పినపుడు ఏమి చేయవలెనో తెలుపుట ఎక్కువ ప్రయోజనకరము.

మన దేశమున ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కులను సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన తీర్పులో గుర్తించినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టముయొక్క 15వ విభాగము, శస్త్రచికిత్సతోపాటు హార్మోను చికిత్సను కూడ ప్రభుత్వము కల్పించవలసిన వైద్యసౌకర్యములలో చేర్చినది. అనగా ఇది చాటుమాటున జరుగవలసిన పని కాదు. వైద్యుని పర్యవేక్షణలో, క్రమముగా జరుగవలసిన చికిత్స.

ఈ చికిత్సలో ఒక మోతాదు తప్పుట వలన కలుగు నష్టము స్వల్పము. ఆ నష్టమును పూడ్చుకొనవలెనని రెండు మోతాదులు ఒకేసారి పుచ్చుకొనుట, తప్పిన సంగతిని వైద్యునికి చెప్పక దాచుట, ఈ రెండును అంతకంటె పెద్ద నష్టములు. ఈ పాఠమునందలి సారాంశము ఇదియే.

హార్మోనులు శరీరములో చేయు పని

శరీరములోని వినాళ గ్రంథులు తమ రసములను నేరుగా రక్తములో కలుపును. ఈ రసములకే హార్మోనులని పేరు. గడ్డము మొలచుట, కంఠస్వరము మారుట, రొమ్ములు పెరుగుట, ఋతుస్రావము కలుగుట మొదలగునవి వీని ప్రభావముననే జరుగును. స్త్రీత్వ లక్షణములను పెంపొందించు ముఖ్య హార్మోను ఈస్ట్రడయోలు. పురుష లక్షణములను పెంపొందించునది టెస్టొస్టిరోను.

పుట్టుకతో పురుషులుగా నమోదై స్త్రీలుగా జీవించు ట్రాన్స్ మహిళలకు వైద్యులు ఈస్ట్రడయోలును, దానితోపాటు టెస్టొస్టిరోనును అణచు మందును ఇత్తురు. స్పైరొనోలాక్టోను, సైప్రొటెరోను, ల్యుప్రోలైడు అట్టి అణచు మందులు. పుట్టుకతో స్త్రీలుగా నమోదై పురుషులుగా జీవించు ట్రాన్స్ పురుషులకు టెస్టొస్టిరోను ఇత్తురు.

రక్తములో హార్మోను మట్టము ఎట్లు నిలుచునో తెలిసికొనుటకు ఊరి చెరువును తలచుకొనిన చాలును. ఒక వైపు కాలువనుండి నీరు వచ్చుచుండును. మరియొక వైపు తూముగుండ పోవుచుండును. రాకపోకలు సమముగా ఉన్నంతకాలము మట్టము నిలకడగా ఉండును. ఒకనాడు కాలువ ఆగినంత మాత్రమున చెరువు ఎండిపోదు; మట్టము కొంచెము తగ్గును. అయితే ఒకనాడు నీరు రాలేదని మరునాడు వరదను మళ్ళించినచో గట్టునకే ముప్పు. మోతాదు తప్పుటయు, రెట్టింపు మోతాదు పుచ్చుకొనుటయు ఈ రీతిగానే ఉండును.

తూము పెద్దదో చిన్నదో మందును బట్టి మారును. రక్తములోని మందు సగమగుటకు పట్టు కాలమును అర్ధాయువు అందురు. నోటిద్వారా పుచ్చుకొను ఈస్ట్రడయోలునకు ఇది సుమారు 12 నుండి 20 గంటలు. సైప్రొటెరోనునకు సుమారు రెండు దినములు లేక అంతకు కొంత ఎక్కువ. టెస్టొస్టిరోను ఎనాంథేటు అను నూనె సూదిమందునకు సుమారు నాలుగైదు దినములు. టెస్టొస్టిరోను అన్‌డెకనోయేటు అను దీర్ఘకాలిక సూదిమందునకు నెల రోజులకు పైబడి. కావున మాత్ర ఒకపూట ఆలస్యమైనను, దీర్ఘకాలిక సూదిమందు కొన్ని దినములు ఆలస్యమైనను శరీరమునకు కలుగు మార్పు ఇంచుమించు సమానము. గంటలను గాని దినములను గాని లెక్కించునపుడు, ఏ మందు అను విషయమును ముందు చూడవలెను.

తప్పినందువలన ఏమి జరుగును?

ఒక మాత్ర తప్పినచో చాలమందికి ఏ తేడాయు తెలియదు. రెండు మూడు దినములు తప్పినచో కొందరికి అలసట, చికాకు, నిద్రలేమి, ఒంటినుండి ఆవిరులు పుట్టినట్లుండుట కలుగవచ్చును. మరల మందు మొదలిడిన కొలది దినములలో ఇవి తగ్గును.

వారములు నెలలు గడచినచో, బీజకోశములు శరీరములోనే ఉన్నవారికి సహజ హార్మోనులు మరల తలయెత్తును. ట్రాన్స్ మహిళలలో చర్మపు మృదుత్వము తగ్గి, ఒంటి వెండ్రుకలు మరల గట్టిపడవచ్చును. ట్రాన్స్ పురుషులలో ఆగియున్న ఋతుస్రావము మరల కనిపించవచ్చును. ఇది మనస్సునకు ఎంతో కష్టము కలిగించును. అయినను సంపాదించుకొన్నదంతయు పోయినదని భావించరాదు. చికిత్సవలన పెరిగిన రొమ్ములు కొలది నెలల విరామమున మాయముకావు. టెస్టొస్టిరోనువలన బొంగురుపోయిన కంఠము మరల సన్నబడదు. మొలచిన గడ్డము ఊడిపోదు. చర్మము, కండ, కొవ్వు అమరిక వంటివి వెనుకకు మరలినను, చికిత్స తిరిగి సాగినపుడు అవియు మరల ముందుకు నడచును.

మాత్రలు పుచ్చుకొనువారు

ఈస్ట్రడయోలు మాత్రలను సాధారణముగా రోజునకు 2 నుండి 6 మిల్లీగ్రాముల వరకు వైద్యుడు నిర్ణయించును. ఒక మోతాదు తప్పినదని అదేదినమున జ్ఞాపకము వచ్చినచో వెంటనే పుచ్చుకొనవచ్చును. తరువాతి మోతాదునకు సమయము దగ్గరపడినచో, తప్పినదానిని విడిచిపెట్టి, తరువాతిదానిని మామూలు వేళకు పుచ్చుకొనవలెను. రెండింటిని కలిపి మింగరాదు. ఉదయము 8 గంటలకు మింగవలసిన మాత్ర మధ్యాహ్నము 2 గంటలకు జ్ఞాపకము వచ్చినచో అప్పుడే మింగవచ్చును. మరునాటి ఉదయము నిద్రలేచినపుడు జ్ఞాపకము వచ్చినచో నిన్నటిది నిన్నటితో పోయినదని ఎంచి, నేటిది మాత్రము మింగవలెను.

స్పైరొనోలాక్టోను విషయమున ఈ నియమము మరింత గట్టిగా పాటింపవలెను. ఇది మొదట మూత్రమును జారీచేయు మందు. రక్తపుపోటును తగ్గించును; రక్తములో పొటాషియమును పెంచును. పొటాషియము మితిమీరినచో గుండె కొట్టుకొను క్రమము చెడవచ్చును. కాబట్టి తప్పిన మోతాదును రెట్టింపు చేయుట అపాయకరము. ఈ మందు వాడువారు, ముఖ్యముగా మూత్రపిండముల వ్యాధి కలవారు, పొటాషియము సమృద్ధిగా గల కొబ్బరినీటిని విరివిగా త్రాగుట మంచిది కాదు. వాంతులు, విరేచనములు, వడదెబ్బ తగిలి శరీరములో నీరు తగ్గినపుడు ఈ మాత్రను కొనసాగింపవలెనా ఆపవలెనా అని వైద్యుని వెంటనే అడుగవలెను. అట్లు వైద్యుని మాటపై ఆపుట మోతాదు తప్పుట క్రిందకు రాదు.

సైప్రొటెరోను శరీరములో ఎక్కువకాలము నిలుచును గనుక ఒక దినము తప్పినను దాని పని చాలవరకు సాగుచునే ఉండును. అధిక మోతాదులో ఏండ్ల తరబడి వాడినవారికి మెదడు పొరలలో మెనింజియోమా అను గడ్డ పుట్టు అవకాశము పెరుగునని తేలినది. అందుచే ఈ మందును సాధ్యమైనంత తక్కువ మోతాదులో ఇచ్చుట నేటి పద్ధతి. తప్పినదానికి బదులుగా అదనముగా మింగుట ఈ పద్ధతికి విరుద్ధము.

పట్టీలు, జెల్ వాడువారు

చర్మముపై అంటించు ఈస్ట్రడయోలు పట్టీలను కొన్నింటిని వారమునకు రెండుమార్లు, కొన్నింటిని ఒకమారు మార్చవలెను. మార్చుట మరచినచో జ్ఞాపకము వచ్చినవెంటనే క్రొత్తది అంటించి, తరువాత మార్పును ఎప్పటి దినముననే చేయవలెను. చెమటచేత గాని స్నానములో గాని పట్టీ ఊడినచో దానినే అదిమి అంటింపవచ్చును. అంటుకొననిచో క్రొత్తది వేయవలెను. రెండు పట్టీలు ఒకేసారి ఉంచుట వైద్యుడు చెప్పిననే తప్ప కూడదు.

జెల్‌ను ప్రతిదినము ఒకే వేళకు పూసికొనవలెను. మరచినచో అదేదినమున పూసికొనవచ్చును. మరునాటి వేళ సమీపించినచో విడిచిపెట్టవలెను. టెస్టొస్టిరోను జెల్ ఆలస్యముగా రాత్రివేళ పూసికొనునపుడు ఒక జాగ్రత్త అవసరము. పూసిన చర్మము ఇతరులకు తగిలినచో మందు వారికి అంటును. ప్రక్కన పసిపిల్లలు గాని గర్భవతులు గాని పరుండు ఇండ్లలో, పూసినచోటు ఆరిన తరువాత బట్టతో కప్పి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

సూదిమందు పుచ్చుకొనువారు

టెస్టొస్టిరోను ఎనాంథేటు, సైపియోనేటు అనువానిని వారమునకో, రెండు వారములకో ఒకమారు ఇత్తురు. పలు ఎస్టరులు కలిపిన 250 మిల్లీగ్రాముల సూదిమందును రెండు మూడు వారములకు ఒకమారు ఇచ్చుట మన దేశమున వాడుకలో ఉన్నది. ఈస్ట్రడయోలు వాలరేటు సూదిమందును కూడ ఇట్లే వారమునకో రెండు వారములకో ఇత్తురు.

ఈ సూదిమందు తప్పినచో, జ్ఞాపకము వచ్చిన తరువాత వీలైనంత త్వరగా ఒకే మోతాదు పుచ్చుకొనవలెను. ఆలస్యము ఒకటి రెండు దినములే అయినచో తరువాతిది ఎప్పటి దినముననే పుచ్చుకొనవచ్చును. అంతకు మించినచో, పుచ్చుకొన్న దినమునుండి క్రొత్తగా లెక్క ప్రారంభింపవలెను. ఉదాహరణకు, రెండు వారములకు ఒకమారు సోమవారమున పుచ్చుకొనువారు శనివారమునకు గాని వీలు చేసికొనలేకపోయినచో, ఆ శనివారమునుండి పదునాలుగు దినములు లెక్కించవలెను. ఒక్క మందు సీసా తప్పినదని రెండు సీసాలు ఎక్కించుకొనుట ఎన్నటికిని కూడదు.

టెస్టొస్టిరోను అన్‌డెకనోయేటు 1000 మిల్లీగ్రాములను, మొదటి రెండు సూదులకు నడుమ ఆరు వారములును, పిమ్మట సుమారు 12 వారములును ఎడమిచ్చి వేయుదురు. ఇది ఎక్కువ నూనెతో కూడినది గనుక తుంటికండలో మెల్లగా ఎక్కించి, అరగంటసేపు రోగిని కనిపెట్టియుండవలెను. ఇంటివద్ద వేసికొనదగినది కాదు. ఒకటి రెండు వారములు ఆలస్యమైనను కంగారు అవసరము లేదు. ఆసుపత్రికి పోయి దినము నిర్ణయించుకొనిన చాలును. నెలలు గడచినచో, మొదటినుండి ఆరంభించు పద్ధతిలోనా, మామూలు పద్ధతిలోనా అనునది వైద్యుడు రక్తపరీక్ష చూచి చెప్పును.

ల్యుప్రోలైడు సూదిని నెలకో మూడు నెలలకో ఒకమారు వేయుదురు. దీనిని గడువునకు వేయించుకొనుట మేలు. గడువు చాల దాటినచో అణగియున్న హార్మోను మరల పైకి లేచును. తిరిగి మొదలిడినపుడు మొదటి కొలది దినములు అది ఇంకను పెరిగి, పిమ్మట తగ్గును.

ట్రాన్స్ పురుషులు తెలిసికొనవలసిన మరియొక విషయము కలదు. టెస్టొస్టిరోను గర్భనిరోధక సాధనము కాదు. ఋతుస్రావము ఆగియున్నను గర్భము నిలువవచ్చును; మోతాదులు తప్పుచుండిన ఆ అవకాశము హెచ్చును. గర్భస్థశిశువునకు టెస్టొస్టిరోను హాని చేయును. కనుక గర్భము నిలుచుటకు అవకాశమున్న సంబంధము కలవారు వేరే గర్భనిరోధక పద్ధతిని పాటింపవలెను. విరామము తరువాత మందు మరల మొదలిడుటకు ముందు గర్భపరీక్ష చేయించుకొనుట మంచిది.

శస్త్రచికిత్స అయినవారు

బీజకోశములు తీసివేయబడినవారి స్థితి వేరు. వీరి శరీరములో సహజ హార్మోను ఉత్పత్తి మిక్కిలి స్వల్పము. మందు ఆగినచో ఆ స్థానమును పూరించునది ఏదియు లేదు. ఒకటి రెండు మోతాదులు తప్పుట వలన వీరికిని ప్రమాదము లేదు. కాని నెలలు, ఏండ్లు హార్మోను లేక గడచినచో ఎముకలు బోలుపడి చిన్న దెబ్బకే విరుగును. ఆవిరులు, నీరసము, మనస్తాపము కూడ కలుగును.

ఆసుపత్రిలో గాక, హిజ్రా సంప్రదాయములో నిర్వాణము పేర శస్త్రక్రియ జరిగినవారు మన దేశమున అనేకులు కలరు. వారిలో పలువురు ఎన్నడును హార్మోను మందు పుచ్చుకొని ఎరుగరు. ఇట్టివారు ఎంత వయస్సువారైనను వైద్యుని కలిసి, ఎముకల బలమును పరీక్ష చేయించుకొని, హార్మోను అవసరమో కాదో తెలిసికొనవలెను. ఇంతకాలము పుచ్చుకొనలేదను సంకోచము అవసరము లేదు.

రెట్టింపు మోతాదు ఎందుకు కూడదు?

మందు రెట్టింపైనచో మార్పులు రెట్టింపు వేగమున వచ్చునను నమ్మకము కొందరిలో కలదు. ఇది సరికాదు. శరీరములోని కణములు ఒక పరిమితి మేరకే హార్మోనును స్వీకరించును. మిగిలినది మేలు చేయక, కీడునకు దారితీయును.

ఈస్ట్రోజను అధికమైనచో రక్తము గడ్డకట్టు గుణము పెరుగును. కాలి సిరలలో గడ్డ ఏర్పడి, అది ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాపాయము. పొగత్రాగువారిలో ఈ అపాయము మరింత ఎక్కువ. తమ మందు దొరకనపుడు మాలా-ఎన్ వంటి గర్భనిరోధక మాత్రలను బదులుగా, అందునను ఒకేసారి పెక్కింటిని, మింగుట ఈ వర్గమున వినవచ్చు అలవాటు. ఆ మాత్రలలోనిది ఇథినైల్ ఈస్ట్రడయోలు. పేరులో పోలిక ఉన్నను ఇది చికిత్సలో వాడు ఈస్ట్రడయోలు కాదు; రక్తపు గడ్డలను కలిగించు గుణము దీనికి హెచ్చు. అందుచేతనే ట్రాన్స్ మహిళల చికిత్సలో దీనిని వాడరాదని నేటి వైద్యసూత్రములు చెప్పుచున్నవి. మందు దొరకని పది దినములు ఊరక ఉండుట, ఈ మాత్రలు గుప్పెడు మింగుట కంటె ఎంతో క్షేమకరము.

టెస్టొస్టిరోను అధికమైనచో రక్తకణములు మితిమీరి పెరిగి రక్తము చిక్కబడును. దీనిని హెమటోక్రిట్ అను పరీక్షచే కనుగొందురు. అది 54 శాతమును దాటినచో వైద్యుడు మోతాదును తగ్గించుటయో, కొంతకాలము నిలుపుటయో చేయును. అనగా తొందరపడి అదనముగా పుచ్చుకొన్న సూదియే చివరకు చికిత్స ఆగుటకు కారణమగును.

వైద్యునికి దాచరాదు

మొదటి సంవత్సరమున మూడు నెలలకు ఒకమారును, పిమ్మట ఏడాదికి ఒకటి రెండుమార్లును రక్తపరీక్ష చేయుట నియమము. పరీక్షలో కనిపించు అంకెకు అర్థము, మందు ఎప్పుడు పుచ్చుకొన్నారను దానిపై ఆధారపడియుండును.

రెండు వారములకు ఒకమారు సూదిమందు పుచ్చుకొను ఒక ట్రాన్స్ పురుషునికి ఒక సూది తప్పి, ఇరువదవ దినమున రక్తపరీక్ష జరిగినదనుకొందము. టెస్టొస్టిరోను మట్టము తక్కువగా కనిపించును. మందలింతురేమోయని అతడు సంగతి చెప్పలేదు. వైద్యుడు మోతాదు చాలలేదని ఎంచి, దానిని పెంచును. తరువాతి నెలలలో అతడు క్రమముగా పుచ్చుకొనును, మోతాదు అవసరమునకు మించును, రక్తము చిక్కబడును. ఇందు మందుది గాని వైద్యునిది గాని దోషము లేదు. చెప్పని ఒక్క మాటయే ఇంతకు మూలము. ఒక చిన్న పుస్తకములో గాని క్యాలెండరుపై గాని మందు పుచ్చుకొన్న దినములను, తప్పిన దినములను గుర్తించి వైద్యునికి చూపుట ఉత్తమము.

మోతాదు తప్పకున్నను తప్పినట్లు మట్టము తగ్గు సందర్భములు కలవు. క్షయకు ఇచ్చు రిఫాంపిసిను, మూర్ఛకు ఇచ్చు ఫెనిటాయిను, కార్బమజెపైను అను మందులు కాలేయమును ప్రేరేపించి హార్మోనులను త్వరగా కరిగించును. ఇట్టి మందు క్రొత్తగా ప్రారంభించినచో రెండు చికిత్సలు చేయు వైద్యులకును ఒకరి మందు మరొకరికి తెలియజేయవలెను. హార్మోను సరిగా పనిచేయుటలేదని క్షయ మందును మానుట ఘోరమైన పొరపాటు. హెచ్.ఐ.వి. మందుల విషయమును ఇంతియే. హార్మోను మోతాదు తప్పినచో దిద్దుకొనవచ్చును, హెచ్.ఐ.వి. మందు తరచుగా తప్పినచో వ్యాధిక్రిమి ఆ మందునకు లొంగకపోవచ్చును. నేడు విరివిగా ఇచ్చు డోలుటెగ్రావిరు హార్మోను చికిత్సతో సాధారణముగా పొసగును. హార్మోను కొరకు ఆ మందును ఆపరాదు.

వైద్యసిబ్బందికిని ఇందు ఒక కర్తవ్యము కలదు. వచ్చినవారిని వారు ఎంచుకొన్న పేరుతోనే పిలువవలెను. మందు తప్పినదని చెప్పినవారిని కసరరాదు. ఒకమారు కసరుకొన్నచోట రెండవమారు ఎవరును నిజము చెప్పరు.

తప్పుటకు కారణములు, నివారణ

మరపు ఒక్కటే కారణము కాదు. మరపునకు ఉపాయము సులభము: పండ్లు తోముకొనుట, రాత్రి భోజనము వంటి నిత్యకృత్యముతో మాత్రను జతచేయుట, ఫోనులో గంట పెట్టుకొనుట, వారపు దినములు గుర్తించిన డబ్బాలో మాత్రలు సర్దుకొనుట.

ప్రయాణము మరియొక కారణము. తమిళనాడులోని కూవాగము ఉత్సవమునకు చిత్తిరై మాసమున దేశపు నలుమూలలనుండి వేలకొలది వెళ్ళుదురు. ఇట్టి ప్రయాణములందు వెళ్ళు దినములకు కావలసినదానికంటె ఒక వారమునకు అధికముగా మందును, వైద్యుని చీటీ నకలును వెంట ఉంచుకొనవలెను. రైలులో చేతిసంచిలోనే ఉంచవలెను. ఎండలో నిలిపిన వాహనమున విడువరాదు. సూదిమందు తిథికి ప్రయాణము అడ్డమైనచో బయలుదేరుటకు ముందే వైద్యుని అడిగి దినము సవరించుకొనవచ్చును.

ఇంటివారికి తెలియక దాచి మందు వాడువారి కష్టము ఇంకొక విధము. పండుగకు ఇంటికి పోయి, డబ్బా తెరచుటకు చాటు దొరకక వారముల తరబడి మానినవారు కలరు. ఇట్టివారు నిత్యము మింగు మాత్రలకు బదులు సూదిమందు తమకు తగునేమో వైద్యునితో ఆలోచింపవచ్చును. సంగతి తెలిసిన తల్లిదండ్రులు, అక్కచెల్లెండ్రు, అన్నదమ్ములు, లేక సముదాయములోని గురువు, తోడి చేలాలు "ఈనాడు మందు పుచ్చుకొంటివా?" అని ఒక్కమాట అడుగుట ఏ గంటకంటెను మేలైన సాధనము.

మందు అందకపోవుట వ్యక్తుల చేతిలో లేని కారణము. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచినపుడు హార్మోను చికిత్సలో ఉన్న పలువురికి మందులు, వైద్యులు దూరమైనారు. హైదరాబాదులో 2021లో ప్రారంభమై ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు సేవచేసిన మిత్ర్ క్లినిక్, విదేశ ధనసహాయము ఆగుటచే 2025 మొదటి నెలలలో మూతపడినది. కల్యాణ్, పూనాలలోని దాని శాఖలకును అదేగతి పట్టినది. ఒక తలుపు మూతపడినపుడు తెలిసికొనవలసిన రెండవ తలుపు ఉండవలెను. కనుక చికిత్స పొందువారు దగ్గరలోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో వినాళ గ్రంథుల విభాగము ఎక్కడ ఉన్నదో ముందే కనుగొని, తమ పరీక్షాఫలితముల నకళ్ళను తమవద్ద ఉంచుకొనవలెను. నెలకు సరిపడు మందు మిగిలియుండగనే తరువాతి నెలమందునకు ప్రయత్నింపవలెను.

ధనాభావము కలవారికై 2022 ఆగస్టు 24న జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థకును, సామాజిక న్యాయ మంత్రిత్వశాఖకును ఒప్పందము జరిగినది. దీని ప్రకారము ట్రాన్స్‌జెండరు గుర్తింపుపత్రము కలవారికి ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్సా సహాయము ఉద్దేశింపబడినది. ఏ ఆసుపత్రిలో ఏ సేవ లభించునో అక్కడి ఆయుష్మాన్ సహాయకుని అడిగి తెలిసికొనవలెను.

దీర్ఘ విరామము తరువాత

మూడు నాలుగు వారములకు పైగా మందు ఆగినచో పూర్వపు మోతాదును తమంతట తామే మొదలిడక వైద్యుని కలియవలెను. ఆయన రక్తపుపోటు చూచి, అవసరమైన పరీక్షలు చేయించి, పాత మోతాదుననో కొంత తక్కువనుండియో ప్రారంభింపజేయును. ఈ విరామమున పొగత్రాగుట మొదలిడినచో, క్రొత్త వ్యాధి ఏదైన సోకినచో అదియు చెప్పవలెను.

మందు ఆగిన కాలమున కొందరికి తీవ్రమైన నిస్పృహ కలుగును. అద్దములో తమ రూపము వెనుకకు మరలుచున్నదను భయము వారిని క్రుంగదీయును. ఇది బలహీనత కాదు. నమ్మకమైనవారితో మాటలాడుట, ఒంటరిగా ఉండకుండుట మేలు. బ్రతుకుపై విరక్తి కలుగుచున్నచో ఏ వేళనైనను టెలీ-మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తమ భాషలోనే ఉచితముగా సలహా పొందవచ్చును.

వెంటనే ఆసుపత్రికి పోవలసిన లక్షణములు

ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టుట. ఆకస్మికముగా రొమ్మునొప్పి గాని ఊపిరాడకపోవుట గాని కలుగుట. ఎన్నడు లేని తీవ్రమైన తలనొప్పి, చూపు మందగించుట, మాట తడబడుట. ముఖమున గాని చేతిలో గాని ఒకవైపు పట్టుతప్పుట. గుండె అదరి స్పృహ తప్పుట. ఇవి కనిపించినచో మరునాటివరకు ఆగక 108 వాహనమును పిలిపింపవలెను. పుచ్చుకొను మందుల పేర్లను, అదనముగా పుచ్చుకొనియున్నచో ఆ సంగతిని దాపరికము లేక చెప్పవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ఒక మోతాదు తప్పుట అపాయము కాదు. చికిత్సాఫలము దానితో పోదు.

2. జ్ఞాపకము వచ్చినపుడు ఒకటే మోతాదు. తరువాతి వేళ సమీపించినచో తప్పిన మాత్రను విడిచిపెట్టవలెను. రెట్టింపు ఎన్నడును కూడదు.

3. సూదిమందు ఎక్కువ ఆలస్యమైనచో, వేసికొన్న దినమునుండి క్రొత్తగా లెక్కించవలెను.

4. గర్భనిరోధక మాత్రలు బదులు మందు కావు.

5. బీజకోశములు తీసివేయబడినవారు దీర్ఘకాలము హార్మోను లేక ఉండరాదు.

6. తప్పిన దినములను వ్రాసి ఉంచి, వైద్యునికి చూపవలెను.

7. మూడు నాలుగు వారములు దాటిన విరామము తరువాత వైద్యుని సలహా లేక మొదలిడరాదు.

ఏండ్ల తరబడి సాగు చికిత్సలో ఒక దినము లెక్కలోనిది కాదు. తప్పిన దినమును విడిచి, తరువాతి దినమును సక్రమముగా ఆరంభించువారికే ఈ చికిత్సవలన పూర్తిఫలము చేకూరును.